తిన్న హాలు వాసాలు

సెప్టెంబర్ 14, ఆదివారం

ఈ డైరీ ఎవరూ చదవరు కనుక ఉన్నమాట రాసుకోవచ్చు. ఈ పదవికి నాకంటే తగినవాడు ఈ ప్రాంతంలో లేడు.

కార్స్‌వెల్ ప్రాంతీయ సాంస్కృతిక మండలి నన్ను హాళ్ల పరిశీలకుడిగా వేసింది. మెడలో వేసుకునే కార్డు కూడా ఇచ్చారు. 'గార్నెట్ హాగెన్, పరిశీలకుడు' అని ఉంది. ఫొటోలో కాస్త నీరసంగా ఉన్నాను కానీ అధికారం కనిపిస్తోంది. పని తేలికే. చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న హాళ్లన్నీ చూడాలి, కార్స్‌వెల్ పట్నంలో కొత్తగా కట్టిన కళాకేంద్రం చూడాలి, దేనికి డబ్బివ్వడం దండగో చెప్పాలి. మండలి దగ్గర ఇక అందరికీ సరిపడా లేదు. నేను వద్దన్న హాలుకి హీటరు ఖర్చూ బీమా రెండూ ఆగిపోతాయి. కెనడాలో మా సస్కాచెవాన్ చలిలో హీటరు లేని హాలంటే తాళం పడ్డ హాలే.

వెర్నాతో చెప్పాను. అప్పుడామె పంట ఇంటికొచ్చాక హాల్లో పెట్టే కోతల విందు కోసం పెరోగీలు చేస్తోంది. పిండి బిళ్లలో బంగాళాదుంప ముద్ద పెట్టి, మడిచి అంచులు నొక్కడంలో ఆమె వేళ్ల నేర్పు ఎవరికీ రాదు. మా జెలేనా ఊరి హాల్లో వంటగదికి నా భార్యే పెద్ద.

"మన హాలు కూడా నువ్వే చూస్తావా?" అంది.

"చూడాలి కదా. కానీ రేపు ఎవరూ నన్ను వేలెత్తి చూపకూడదు. అందుకని ఇవాళ్టి నుంచి ఆ హాలుకి నేను పరాయివాణ్ణి. హాలు విషయం వచ్చినంతవరకు నీక్కూడా పరాయివాణ్ణే."

వెర్నా చేతికంటిన పిండి దులుపుకుని నా మెడలో కార్డు చదివింది. "సరే," అంది. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందనుకోలేదు. భార్యంటే ఇలా అర్థం చేసుకునేది ఉండాలి.

సెప్టెంబర్ 15

పొద్దున కాఫీ ఇస్తూ, "మీరు చక్కెర వేసుకుంటారా అండీ?" అని అడిగింది. సరదాకే అయ్యుంటుంది.

సెప్టెంబర్ 21, ఆదివారం

మొదటి పరిశీలన. హాల్వర్ ఊరి హాలు.

మామూలుగా కోతల విందుకి వెళ్తే చీటీ తీసుకుని, మన నంబరు పిలిచేదాకా బెంచీ మీద కూర్చుని, ఎడమ పక్కవాడి గోధుమల దిగుబడీ కుడి పక్కావిడ మోకాలి ఆపరేషనూ వినాలి. ఇవాళ నాకా బాధ లేదు. కార్డు చూడగానే హాలు పెద్ద సిగర్డ్ లేచి వచ్చి, "రండి రండి, మీకు చీటీ ఏమిటండీ," అని మొదటి బల్ల దగ్గరికి తీసుకెళ్లాడు. టర్కీ కోడి కాలు, నా మోచెయ్యంత ఉంది, నా పళ్లెంలో పడింది. ఈ సిగర్డ్ నన్ను చిన్నప్పటి నుంచి 'ఒరే గార్నీ' అనేవాడు. ఇవాళ 'అండీ' అన్నాడు. కార్డుకున్న విలువ అది.

తింటూనే పని చేశాను. కాలం వృథా చెయ్యను. తల పైకెత్తి కప్పు వాసాలు లెక్కపెట్టుకున్నాను, ఒకటి వంగింది. కిటికీలు పాతవి. గోడ మీద 'మా లక్ష్యం' అని ఎక్కడా రాసిలేదు. సంస్కృతి ఏదని సిగర్డ్‌ని అడిగితే వడ్డన వైపు చెయ్యి చూపించాడు. భోజనం సంస్కృతి కిందికి రాదని నెమ్మదిగా వివరించాను. "అలాగా," అని ఇంకో గరిటె గ్రేవీ పోశాడు.

మా ఊరి ఒరెస్ట్ బాబియుక్ కూడా అక్కడే ఉన్నాడు. ఎనభై దాటినా ఆకలి దాటలేదు. చెవిలో వినికిడి మిషను ఈల వేస్తూ ఉంటుంది. వెర్నా కూడా వచ్చి వేరే బల్ల దగ్గర కూర్చుంది. నేను కప్పు వైపు చూస్తుంటే పక్కావిడతో హాలంతా వినబడేలా అంది: "ఎవరండీ ఆ పెద్దమనిషి? తిన్నచోటే వాసాలు లెక్కపెడుతున్నారు! దీనికి జీతం కూడా ఇస్తారటా?"

అందరూ పగలబడి నవ్వారు. నా నిష్పాక్షికతను నలుగురిలో నిలబెట్టాలనే అలా అని ఉంటుంది.

సెప్టెంబర్ 24

కళాకేంద్రం. ఇది కదా భవనం అంటే! అంతా అద్దాలే. తలుపు ఎక్కడుందో కనుక్కోవడానికి కాస్త సమయం పట్టింది, నుదురు కాస్త వాచింది.

డైరెక్టరు ఇమోజెన్ క్రాల్ గారు స్వయంగా చూపించారు. ఆమె మాట్లాడుతుంటే సగం అర్థం కాదు, అందులోనే ఉంది గొప్పతనం. "ఇక్కడ మేం నిశ్శబ్దానికి ఆతిథ్యమిస్తాం, గార్నెట్ గారూ," అన్నారు. నిజమే, మా ఇద్దరి బూట్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ప్రదర్శనశాలలో గోడవారన బూడిదరంగు ఉన్ని కుప్ప ఉంటే కోటు దాని మీద పెట్టబోయాను. ఆవిడ కెవ్వుమన్నారు. అదే ప్రదర్శనట. పేరు 'లేకపోవడం'.

"జనం ఎవరూ కనబడరేం?" అన్నాను.

"జనం ఎక్కువైతే కళకి ఊపిరాడదండీ."

నాకెప్పుడూ ఈ కోణం తట్టలేదు. లక్ష్య ప్రకటన రెండు భాషల్లో, స్టీలు పలక మీద చెక్కించారు. అన్నిటికీ నూటికి నూరు వేశాను. మధ్యాహ్నం భోజనం అని ఒక ఆకు, దాని మీద బొట్టంత ఏదో తెల్లటిది పెట్టారు.

ఆకలితో ఇల్లు చేరాను. "వేళ దాటాక వచ్చిన పరాయివాళ్లకి మా ఇంట్లో వడ్డించరండీ," అంది వెర్నా, టీవీ వైపు నుంచి తల తిప్పకుండా. ఫ్రిజ్‌లో మాత్రం మూతపెట్టిన పళ్లెం ఉంది. ఎవరికోసమో అడగలేదు. తిన్నాను.

సెప్టెంబర్ 28, ఆదివారం

సెయింట్ ఒడిల్ హాలు. ఫ్రెంచివాళ్ల ఊరు, వంటలో కాస్త వెన్న ఎక్కువ. నేను హాల్వర్‌లో చెప్పిన మాట గాలి కంటే ముందే వీళ్లకి చేరినట్టుంది. గుమ్మంలోనే హాలు అధ్యక్షురాలు లిసెట్ గోబేల్ ఎదురొచ్చి, "ఇది విందు కాదండీ, ప్రదర్శన," అంది.

చూద్దును కదా, ప్రతి గిన్నె ముందూ ఒక అట్టముక్క. పచ్చ జెల్లీ ముందు: 'మా అత్తగారి మనసు. నిమ్మ జెల్లీ, తురిమిన క్యారెట్. కదిలిస్తే వణుకుతుంది.' బంగాళాదుంప ముద్ద ముందు: 'జూలైలో కురవని వాన.' టర్కీ ముందు: 'పేరు లేదు. ముక్కలు.'

"మరి జనం తింటున్నారేం?" అన్నాను.

"సాయంత్రానికి ప్రదర్శన తీసెయ్యాలి కదండీ. కళాఖండాలు పాడైపోతే పాపం."

ఎంత ముందుచూపు! కళాకేంద్రం వాళ్లకే రాని ఆలోచన. మంచి మార్కులు వేశాను. ఆ 'వాన'ని మూడుసార్లు వడ్డించుకున్నాను, అర్థం పూర్తిగా పట్టుబడాలని.

ఒక సంగతి మాత్రం ముల్లులా గుచ్చుకుంటోంది. ఒరెస్ట్ ఇక్కడా ఉన్నాడు. సిగర్డ్ కూడా. హాల్వర్‌లో చూసిన సొట్టపడ్డ కాఫీ డ్రమ్ము కూడా ఇక్కడే ఉంది.

సెప్టెంబర్ 29

వెర్నా వాళ్ల చెల్లెలు నెటీ ఇంటికి వెళ్లింది. హాలు విందు కోసం ఇద్దరూ కూర్చుని క్యాబేజీ చుట్టలు చుట్టాలట. తలగడ కూడా తీసుకెళ్లింది. క్యాబేజీ చుట్టడానికి తలగడ ఎందుకో తెలియలేదు.

అక్టోబర్ 5, ఆదివారం

పట్టుకున్నాను! నా అంతటివాడు కాబట్టి పట్టుకున్నాను.

మడ్ లేక్ హాలు. లోపల అడుగు పెడుతూనే చూశాను. మొదటి బల్ల దగ్గర ఒరెస్ట్. పక్కన సిగర్డ్. అవతల లిసెట్, మొగుడితో సహా. ఈ మూలనుంచి ఆ మూలదాకా హాల్వర్‌లో, సెయింట్ ఒడిల్‌లో చూసిన మొహాలే. కాఫీ డ్రమ్ము కూడా హాజరు. అంటే ప్రతి హాలూ 'మా దగ్గరికి ఇంతమంది వస్తారు' అని మండలికి చెప్పుకుంటోందే, ఆ మనుషులంతా ఒక్కరే! ఒకే జనాన్ని ఊరూరా తిప్పి ఎవరికి వాళ్లు తమ జనమని చూపించుకుంటున్నారు!

ఒరెస్ట్‌ని బయటికి పిలిచి నిలదీశాను. "నువ్వు ఏ ఊరివాడివి?"

"ఏంట్రా, నీకు మతి గానీ పోయిందా? మీ ఇంటికి మూడిళ్ల అవతల."

"మరి ఈ ఊళ్లో ఏం చేస్తున్నావు?"

"తింటున్నా. నువ్వు పిలవకపోతే ఇంకా తింటూ ఉండేవాణ్ణి." చెవి మిషను ఈల వేసింది, దాని నెత్తిన ఒకటి కొట్టాడు. "మన విందుకి వాళ్లొస్తారు, వాళ్ల విందుకి మనం పోవద్దా? రేపు నేను పోతే మొయ్యడానికి మన ఊళ్లో గట్టివాళ్లు నలుగురు ఉన్నార్రా? పొరుగూళ్ల నుంచి రావాలి. ఇప్పుడు వాళ్ల జెల్లీ తినకపోతే రేపు నా పెట్టె ఎవడెత్తుతాడు?"

"దీన్ని మోసం అంటారు," అన్నాను.

"దీన్ని ఆదివారం అంటారు," అని లోపలికి వెళ్లిపోయాడు. ముసలితనంలో ఆలోచన మందగిస్తుంది, పాపం.

అక్టోబర్ 6

నేను కూడా ఏటా ఈ విందులన్నిటికీ వెళ్లేవాణ్ణి కదా అనే ప్రశ్న రావచ్చు. అది వేరు. అప్పుడు నేను వెర్నాతో వెళ్లాను. కారు నడిపింది నేనే అయినా, తీసుకెళ్లింది ఆమె. పైగా అప్పుడు కార్డు లేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటున్నానని ఎవరైనా అనొచ్చు. ఎవరూ చదవరు కనుక అనరు.

అక్టోబర్ 9

రిపోర్టు ఇచ్చేశాను. క్లుప్తంగా: ఏ హాల్లో చూసినా ఉన్నది ఒక్క జనమే, కనుక ఒక్క హాలు చాలు, ఆ ఒక్కటీ కళాకేంద్రమే అయితే మేలు. మా జెలేనా హాలుని కూడా వదల్లేదు. బంధుప్రీతి అని నన్నెవడూ అనలేడు.

ఇమోజెన్ గారు ఎంతో పొంగిపోయారు. కేంద్రం సలహా సంఘానికి నన్ను అధ్యక్షుణ్ణి చేస్తారట. చర్చాగదికి నా పేరు పెడతారట. గది చూపించారు. అద్దాల గది, మధ్యలో కుర్చీ లేదు. నిలబడి చర్చించాలట.

అక్టోబర్ 10

డబ్బా సూపు.

అక్టోబర్ 11

డబ్బా సూపు. వేరే కంపెనీది.

అక్టోబర్ 13, సోమవారం

థాంక్స్‌గివింగ్ పండగ. కోడికాలు ఒకటి కొనుక్కొచ్చాను. ఒక్కడికి ఇంత పొయ్యి వెలిగించడం ఎందుకని చల్లగానే తిన్నాను.

రిపోర్టు సంగతి బయటికొచ్చింది. ఊళ్లో నా గౌరవం ఎంత పెరిగిందో చెప్పలేను. మొన్న పోస్టాఫీసులో అందరూ పక్కకి జరిగి దారిచ్చారు. కొట్లో నేను వెళ్లగానే మాటలు ఆపేశారు, శ్రద్ధగా. ఒకప్పుడు నా కారు మట్టి కొట్టుకుని ఉంటే 'దీని మీద బంగాళాదుంపలు వెయ్యొచ్చు గార్నీ' అని నవ్వేవాళ్లు. ఇప్పుడు ఒక్కరూ ఏమీ అనడం లేదు. "మంచిదండీ," "అలాగేనండీ," అంతే. ఇంత మర్యాద ఈ ఊళ్లో మతగురువుకి కూడా దక్కలేదు.

మర్యాద కూడా మరీ ఎక్కువైతే ఒకలా ఉంటుంది. ఎలా ఉంటుందో మాట దొరకడం లేదు.

అక్టోబర్ 16

కళాకేంద్రంలో నాకు సన్మానం. ప్రాంతమంతా ఆహ్వానాలు వెళ్లాయి. వచ్చినవాళ్లు: ఇమోజెన్ గారు, నేను. ఆ సాయంత్రమే మడ్ లేక్‌లో మిగిలిన టర్కీతో సూపు పెట్టుకుని పేకాట పోటీ పెట్టారట, అందరూ అక్కడికి పోయారు.

"ఎంపిక చేసిన ప్రేక్షకులు," అన్నారు ఇమోజెన్ గారు చప్పట్లు కొడుతూ. చప్పట్లు అద్దాలకి కొట్టుకుని తిరిగి వచ్చి చాలామంది కొట్టినట్టే వినిపించాయి. నేను సిద్ధం చేసుకున్న ఉపన్యాసం మొత్తం చదివాను, హాస్యం దగ్గర ఆగాను కూడా. కారు పెట్టినందుకు రుసుము కట్టి వచ్చాను.

అక్టోబర్ 18

నెటీ ఇంటికి వెళ్లాను. క్యాబేజీ ఇంకా ఎంత మిగిలిందో కనుక్కుందామని, అంతే.

తలుపు వెర్నా తీసింది. లోపలికి రమ్మనలేదు.

"మీ రిపోర్టు చదివామండీ. హాల్లో పెద్దగా చదివించారు. అక్షరదోషాలు లేవు."

"వెర్నా, నువ్వైనా అర్థం చేసుకోవాలి. ప్రతిచోటా అదే జనం."

"అదే జనం," అంది. ఇక 'అండీ' లేదు, నాటకం లేదు. ఆమెకి కోపం వస్తే గొంతు తగ్గుతుంది. "మా అమ్మ పోయినప్పుడు హాల్వర్ వాళ్లు వండుకుని వచ్చారు. మీ అన్న ట్రాక్టరు కింద పడి ఆస్పత్రిలో ఉంటే, సిగర్డ్ తన పంట పొలంలో వదిలేసి వచ్చి మీ అన్న పంట కోశాడు. లిసెట్ వాళ్లూ వచ్చారు, లారీలతో. ఆ సాయంత్రం వాళ్లందరికీ మన హాల్లోనే అన్నం పెట్టాం. అదే జనం, గార్నెట్! ఎప్పుడూ అదే జనం. ఉన్నదే అంతమంది. ఇంకెక్కణ్ణుంచి తెమ్మంటావు కొత్తవాళ్లని, చంద్రుడి మీద నుంచా?"

నేను లెక్కల గురించి ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తు లేదు.

"ఒకటి చెప్తాను విను. ఆ హాలుకి తాళం పడితే నేనింక ఇంటికి రాను."

"బెదిరిస్తున్నావా?"

"లేదండీ. సమాచారం. మీరు పరిశీలకులు కదా, రాసుకోండి."

తలుపు వేసింది. గట్టిగా కూడా వెయ్యలేదు.

రాసుకున్నాను.

అక్టోబర్ 19

ఆమె అన్నదాంట్లో తర్కం లేదు. మధ్యాహ్నమంతా కూర్చుని తర్కం లేని చోట్లు వెతికాను. ఒక్కటీ దొరకలేదు.

అక్టోబర్ 22

మండలికి డబ్బిచ్చే రాజధాని ఆఫీసు నుంచి మెరిస్సా డ్రోవర్ అనే అధికారిణి వస్తోంది. నా రిపోర్టు నిజమో కాదో ఆదివారం జెలేనా కోతల విందులో తేలుస్తారు. నేను పక్కనుండి పొరుగూరివాళ్లని ఒక్కొక్కళ్లనీ వేలితో చూపించాలి. చూపించానా, ఈ చలికాలం నుంచే అన్ని హాళ్లకీ తాళాలు. ఇమోజెన్ గారు ఫోన్ చేసి, చర్చాగదికి పలక చెక్కించేశాం అన్నారు. చాలా సంతోషం వేసింది.

సంతోషమే. నిద్ర పట్టకపోవడానికి కారణం సూపు అయ్యుంటుంది.

అక్టోబర్ 27, సోమవారం

నిన్న జరిగింది రాసుకోవాలి. వరస తప్పకుండా రాయాలి, లేకపోతే నేనే నమ్మను.

మెరిస్సా డ్రోవర్ చిన్నపిల్ల. మంచు మొదలైనా పట్నం బూట్లే వేసుకొచ్చింది. ఇద్దరం చీటీ కొనుక్కుని లోపలికి వెళ్లాం. నాకు చీటీ ఇచ్చింది నెటీ. డబ్బు తీసుకుని, "స్వాగతమండీ, మా ఊరికి ఇదే మొదటిసారా?" అంది.

హాలు నిండుగా ఉంది. అందరూ ఉన్నారు, అన్ని ఊళ్లవాళ్లూ. కానీ ఏదో తేడాగా ఉంది. ఏమిటో కాసేపటికి గానీ అర్థం కాలేదు.

మా ప్రాంతంలో ప్రతివాడికీ వాళ్ల ఊరి కర్లింగ్ జట్టు కోటు ఒకటి ఉంటుంది, మంచుగడ్డ మీద రాళ్లు జార్చే ఆట అది. వీపు మీద ఊరి పేరు, ఇంటి గోడ మీద రాసినంత అక్షరాలతో. పెళ్లికీ చావుకీ అదే వేసుకెళ్తారు. ఇంకో కోటు ఉంటుందన్న ఆలోచనే ఎవరికీ రాదు. పొరుగూరివాళ్లమని తెలియకూడదని ఎవడో చెప్పినట్టున్నాడు. ఇంట్లో వదిలేసి రావాలని మాత్రం ఒక్కడికీ తట్టలేదు. హాలుకి హాలంతా కోట్లు తిరగేసి తొడుక్కుని కూర్చుంది! లోపలి ఎర్ర గుడ్డ పైకి, జేబులు తిత్తుల్లా బయటికి వేలాడుతూ, మెడ దగ్గర ఉతికే సూచనల ముక్కలు ఊగుతూ, అందరూ ఏమీ ఎరగనట్టు తలలు వంచుకుని టర్కీ తింటున్నారు. మా ఊరివాళ్లకి ఆ అవసరమే లేదు. వాళ్లూ తిరగేసుకున్నారు. ఒరెస్ట్ అయితే టోపీ కూడా తిరగేశాడు.

"ఇక చూపించండి, హాగెన్ గారూ," అంది మెరిస్సా. "మీరు రాసిన ఆ పొరుగూరివాళ్లు ఎవరెవరు?"

హాలంతా ఫోర్కులు కింద పెట్టేసింది.

నేను చెయ్యెత్తాను. దాచడమెందుకు, సిగర్డ్ వైపే ఎత్తాను. వాడు నోట్లో ముద్ద నమలకుండా అలాగే ఉంచుకుని బల్లకేసి చూస్తున్నాడు. వాడి చేతులు చూశాను. పెద్ద చేతులు. ఆ ఏడు మా అన్న పొలంలో కోతయంత్రం మీద కూర్చుని కోశాడు, తన గోధుమలు వానలో తడిసిపోయాయి, ఆ మాట ఈ రోజుదాకా ఎత్తలేదు. వంటగది కిటికీలో వెర్నా గరిటె పట్టుకుని నిలబడింది. నన్ను బతిమాలుతున్నట్టు లేదు, బెదిరిస్తున్నట్టూ లేదు. ఇన్నేళ్లు కాపరం చేసిన మనిషి ఎవరో ఇప్పుడు తెలిసిపోతుంది కదా అన్నట్టు చూస్తోంది. నాకు భయమేసింది. నా జీవితంలో అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు.

"వీళ్లంతా ఈ ఊరివాళ్లే," అన్నాను.

"అందరూనా?"

"అందరూ. ఇక్కడ పరాయివాణ్ణి నేనొక్కణ్ణే."

"మరి మీ రిపోర్టు?"

"తప్పు రాశాను. వాసాలు చూస్తూ మనుషుల్ని చూడలేదు. ఈ కార్డు కూడా మీరే తీసేసుకోండి."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత హాలు వైపు తిరిగింది. "సరే. మరి వీళ్లందరూ కోట్లు ఎందుకు తిరగేసి వేసుకున్నారు?"

ఒరెస్ట్ చెవి మిషను సన్నగా ఈల వేసింది. నాకు సన్మాన సభలో కూడా రాని వాక్చాతుర్యం ఎక్కణ్ణుంచో వచ్చేసింది.

"అది మా ఆచారమండీ. కోతలయ్యాక మొదటి మంచు పడ్డ వారం కోట్లు తిరగేసుకుంటాం. చలికాలం వచ్చి మమ్మల్ని గుర్తుపట్టకుండా ఉండాలని. తాతల నాటిది."

మెరిస్సా కళ్లు ఇంతింతయ్యాయి. "ఇలాంటిదొకటి ఉందని మీ రిపోర్టులో రాయలేదేం! ఇదే కదండీ మాకు కావలసింది! బతికున్న సంప్రదాయం! ఆ కళాకేంద్రమంతా తిరిగాను, ఒక్క ఉన్ని కుప్ప తప్ప ఏమీ లేదు." గబగబా ఫొటోలు తీసుకుంది. ఒరెస్ట్ టోపీని రెండు వైపుల నుంచీ తీసింది. పెరోగీలు రెండుసార్లు వడ్డించుకుని తిని, చీకటి పడకముందే బయలుదేరింది. ఈ చలికాలానికి హాళ్లన్నిటికీ హీటర్లు ఆగవని గుమ్మంలో నిలబడి చెప్పింది. పై ఏడు ఈ కోట్ల పండగకి ఉత్సవ నిధి కోసం రాస్తుందట.

నేను గోడవారన నిలబడ్డాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మా వాళ్లు కొట్టరు. ఫోన్ మోగింది, ఇమోజెన్ గారు. వార్త అప్పుడే చేరిపోయింది. పలక చెరిపించేస్తున్నామన్నారు. స్టీలు మీద చెక్కింది చెరపడం కష్టం కదండీ అన్నాను. ఫోన్ పెట్టేశారు. బాధ లేదంటే అబద్ధం. ఆ గదికి కుర్చీలు లేకపోయినా పేరు నాదే కదా.

విందయ్యాక బల్లలు తుడిచి, కుర్చీలు మడిచి వేదిక కిందికి తోసెయ్యాలి. మా హాల్లో ఏళ్ల తరబడి ఆ పని నాదీ ఒరెస్ట్‌దీ. ఇప్పుడు నేను ముట్టుకోవచ్చో లేదో తెలియలేదు. అతిథిలాగా కోటు వేసుకుని వెళ్లిపోవాలేమో అనుకున్నాను. తలుపుదాకా వెళ్లాను కూడా.

"ఒరే గార్నీ!"

హాలు అదిరేలా అరిచాడు ఒరెస్ట్. "ఎక్కడికిరా దొంగలా జారుకుంటున్నావు? ఈ కుర్చీలు మీ తాతొచ్చి ఎత్తుతాడా? నీ మూలాన ఇంక ఏటా కోటు తిరగేసుకుని చావాలి, ముసలాణ్ణి, జిప్పు లోపలికి పోతే నా చేతికి అందదురా! వెధవ ఆచారం, వెధవ బుర్ర! రా, అటు పట్టుకో!"

నన్నెవరైనా తిట్టి ఎన్నాళ్లయిందో! వెళ్లి అటు పట్టుకున్నాను. సిగర్డ్ పక్కనుంచి పోతూ, "కారు కడుక్కో గార్నీ, పంటలు పండించేలా ఉన్నావు," అన్నాడు. ఏడుపొచ్చింది. కుర్చీలు మడుస్తూ ఏడ్చాను. ఎవరూ చూడనట్టు నటించారు, ఆ పని మా వాళ్లకి బాగా వచ్చు.

కుర్చీలన్నీ అయ్యాక వంటగది తలుపు దగ్గరికి వెళ్లాను. వెర్నా గిన్నెల మధ్య నిలబడి ఉంది. నా వైపు చూడకుండా, "వాసాలెన్ని?" అంది.

"లెక్కపెట్టలేదు."

"ఊఁ," అంది. పెదవి చివర కాస్త కదిలిందనిపించింది. నేను అనుకోవడమే కావచ్చు.

ఇవాళ నడుం పట్టేసింది. వెర్నా ఇంటికి వస్తానని అనలేదు. రాననీ అనలేదు. పెద్ద గంగాళాలు ఇంకా తోమాల్సినవి ఉన్నాయి, మధ్యాహ్నం వచ్చి తోము, అడుగున మాడింది, నీ గోళ్లు గట్టివి అంది. వెళ్తున్నాను.